టోరాడోరా: ఆ వంటింటి కోసం మూడోసారి

'టోరాడోరా' అనే జపనీస్ అనిమే (యానిమేషన్) సీరియల్‌ను మొదటిసారి ఇంజనీరింగ్ హాస్టల్లో, 2012లో చూశాను. రెండోసారి ఉద్యోగంలో చేరి ఒక్కడినే గది తీసుకుని ఉంటున్నప్పుడు. మూడోసారి ఈ మధ్యే, పెళ్లయ్యాక, నా భార్యతో కలిసి. చూసిన ప్రతిసారీ నాకు నచ్చిన పాత్ర మారింది. విసుగు పుట్టించిన చోట్లు మాత్రం మారలేదు. ముగింపుతో సహా కథంతా మాట్లాడబోతున్నాను కాబట్టి, ఇంకా చూడనివాళ్లు ముందు చూసి వస్తే మంచిది.

మొత్తం 25 ఎపిసోడ్లు. 2008 అక్టోబరు నుంచి 2009 మార్చి వరకు జపాన్‌లో ప్రసారమయ్యాయి. యుయుకో తకెమియా రాసిన లైట్ నవలలు, అంటే కుర్రకారు కోసం బొమ్మలతో వచ్చే చిన్న నవలలు, దీనికి ఆధారం. నిర్మించింది జె.సి. స్టాఫ్ స్టూడియో, దర్శకుడు తత్సుయుకి నాగాయి, కథనం మారి ఒకాడా. పేరులోనే కథ ఉంది. కథానాయిక పేరు తైగా, అంటే ఇంగ్లీషు 'టైగర్'ను జపనీయులు పలికే తీరు. జపనీస్‌లో పులిని 'తొరా' అంటారు. కథానాయకుడు ర్యూజీ పేరులోని 'ర్యూ' అంటే డ్రాగన్, జపనీయుల నోట 'డోరాగన్'. పులీ డ్రాగనూ కలిస్తే టోరాడోరా.

ర్యూజీ చూపు తండ్రి నుంచి వచ్చింది. ఆ తండ్రి ఒక రౌడీ. అందుకే బడిలో అందరూ ర్యూజీని చూసి భయపడతారు, కానీ అతని మనసంతా వంట మీద, ఇల్లు తుడవడం మీద ఉంటుంది. తైగా పొట్టిగా, బొమ్మలా ఉంటుంది. నోరు తెరిస్తే నిప్పులే. బడిలో ఆమెకు పెట్టిన పేరు 'అరచేతి పులి'. ర్యూజీకి తైగా స్నేహితురాలు మినోరి అంటే ఇష్టం, తైగాకు ర్యూజీ స్నేహితుడు కితమురా అంటే ఇష్టం. ఒకరికొకరు సాయం చేసుకుందామని ఒప్పందం చేసుకుంటారు. ఈ ఒప్పందం ఎటు పోతుందో మొదటి రోజే తెలిసిపోతుంది. అయినా కథకు వచ్చిన నష్టమేమీ లేదు. ఎందుకంటే దీని బలం 'ఎవరికి ఎవరు' అన్న ప్రశ్నలో లేదు.

దాని బలమంతా వంటింట్లో ఉంది. మొదటి ఎపిసోడ్‌లో తైగా కితమురాకు రాసిన ప్రేమలేఖను పొరపాటున ర్యూజీ సంచిలో పెడుతుంది. దాన్ని తిరిగి తీసుకోవడానికి అర్ధరాత్రి చెక్క కత్తితో అతని ఇంట్లోకి చొరబడుతుంది. కవరు తెరిస్తే లోపల ఉత్తరమే లేదు! ఆ గొడవ మధ్యలో ఆకలితో కళ్లు తిరిగి పడిపోతుంది. ర్యూజీ ఆమెకు ఫ్రైడ్ రైస్ చేసి పెడతాడు. తైగా ఉండేది పక్కనే కొత్తగా లేచిన ఖరీదైన అపార్ట్‌మెంటులో. ర్యూజీ ఇంటికి ఎండ రాకుండా అడ్డుపడినది ఆ భవనమే. మర్నాడు అక్కడికి వెళ్లి చూస్తే సింకు నిండా ఎన్నాళ్లవో గిన్నెలు, గదుల నిండా చిందరవందరగా బట్టలు. తల్లిదండ్రులు పట్టించుకోని పిల్ల ఇల్లు ఎలా ఉంటుందో ఒక్క మాట చెప్పకుండా చూపించారు. ర్యూజీ చేతులు పైకి మడుచుకుని కడగడం మొదలుపెడతాడు. ఇరుకు మూలల్లో మురికి తీయడానికి పుల్లకు గుడ్డ చుట్టి అతను చేసుకున్న సాధనానికి 'తకాసు కర్ర' అని ఇంటిపేరే పెట్టుకున్నాడు.

అప్పటి నుంచి ప్రతిపూటా తైగా వాళ్లింట్లోనే తింటుంది. రాత్రుళ్లు బార్‌లో పనిచేసే ర్యూజీ తల్లి యసుకో, ర్యూజీ, తైగా, పంజరంలో ఓ అందవిహీనమైన చిలుక. చిన్న బల్ల చుట్టూ వీళ్లు కూర్చుని తినే దృశ్యాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టలేదు కానీ, ప్రేమ ఎక్కడ పుట్టిందని నన్ను అడిగితే ఆ బల్ల దగ్గరే అంటాను. ఒక మనిషి ఆకలి గుర్తుపెట్టుకోవడం, డబ్బాలో ఏం పెడితే ఆమెకు నచ్చుతుందో తెలియడం. ఒక్కడినే వండుకు తిన్న రోజుల్లో రెండోసారి చూస్తున్నప్పుడు ఇది నన్ను బాగా పట్టుకుంది. హాస్టల్లో ఉండగా ఆ దృశ్యాలను అసలు గమనించనే లేదు.

ఇక లోపాలు. తైగా ర్యూజీని కొట్టడం, తన్నడం, కుక్క అని పిలవడం మొదటి ఎపిసోడ్లలో హాస్యంగా నడుస్తాయి. ఆ కాలపు అనిమేల్లో ఇది మామూలే. అయినా ఇప్పుడు చూస్తుంటే నవ్వు రాదు. అదే పని అబ్బాయి అమ్మాయికి చేస్తే ఎవరం నవ్వం. ముప్పైకి చేరువవుతున్న క్లాసు టీచరుకు ఇంకా పెళ్లి కాలేదని పదేపదే వేసే జోకులు మరీ చవకబారువి. ఈత కొలను ఎపిసోడ్లలో తైగా శరీరం గురించిన హాస్యం కూడా అంతే. నా భార్య ఆ భాగంలో లేచి వెళ్లి టీ పెట్టుకొచ్చింది. ఆ ఎపిసోడ్ల చివర తైగా నీళ్లలో నిలబడి ర్యూజీ తనవాడని అరుస్తుంది. అంత మంచి ఘట్టానికి చేరడానికి అంత చవక దారి అవసరమా అనిపించింది.

ఓపికపడితే అయిదో ఎపిసోడ్‌లో అమీ వస్తుంది. మోడలింగ్ చేసే అమ్మాయి. పైకి తేనె, లోపల విషం అనుకుంటాం. తర్వాత చూస్తే ఆ బృందంలో కళ్లు తెరిచి ఉన్నది ఆమె ఒక్కతే. బడిలో డ్రింక్ మెషీన్ల మధ్య ఇరుకు సందులో ముడుచుకుని కూర్చోవడం ఆమెకు అలవాటు. మీరు ఆడుతున్నది అమ్మానాన్నల ఆట, నువ్వు తండ్రి, మినోరి తల్లి, తైగా బిడ్డ అని ర్యూజీ ముఖం మీదే చెబుతుంది. మినోరిదీ అలాంటి లోతే. సముద్రం ఒడ్డున అమీ వాళ్ల విల్లాలో ఒక రాత్రి మినోరి ర్యూజీతో దెయ్యాల గురించి మాట్లాడుతుంది. దెయ్యాలను చూశామని కొందరు చెబుతారు, తనకు ఒక్కటీ కనబడలేదు, ప్రేమ కూడా తనకు అలాంటిదే అని. నవ్వుతూ గెంతే అమ్మాయి అంత నెమ్మదిగా మాట్లాడటం అదే మొదటిసారి. హైస్కూలు అనిమేల్లో ఇంతకన్నా మంచి సంభాషణ నేను వినలేదు.

నాకు అన్నిటికన్నా విలువైనది బడి ఉత్సవం ఘట్టం. తైగా తండ్రి తిరిగొచ్చి కూతురితో కలిసి ఉంటానంటాడు. తండ్రి ప్రేమ ఎరుగని ర్యూజీ, ఆయనను క్షమించమని తైగాను ఒప్పిస్తాడు. ఆ మనిషి గతంలో ఏం చేశాడో తెలిసిన మినోరి కోపంతో వద్దంటుంది. అతను వినడు. ఉత్సవం రోజు తైగా వేదిక ఎక్కుతుంది, తండ్రి కోసం ఉంచిన కుర్చీ ఖాళీగా ఉంటుంది. మంచితనంతోనే ర్యూజీ ఆమెను గాయపరిచాడు. తనకు లేనిదాన్ని ఆమె చేత తీర్చుకోవాలనుకున్నాడు. కథ అతన్ని వెనకేసుకురాదు. ఆ క్షణంలో అతను చేయగలిగింది చప్పట్లు కొట్టడం ఒక్కటే, కొడతాడు. మూడుసార్లూ నా గొంతు పూడుకుపోయింది.

పదహారో ఎపిసోడ్‌లో కితమురా కోసం తైగా చెక్క కత్తి పట్టుకుని విద్యార్థి సంఘం అధ్యక్షురాలి మీదికి వెళ్తుంది. మొదట్లో హాస్యానికి వాడిన కోపమే ఇక్కడ బాధకు రూపమవుతుంది. పంతొమ్మిదోది క్రిస్మస్ రాత్రి. ఒంటరిగా ఉన్న తైగా దగ్గరకు ర్యూజీ ఎలుగుబంటి వేషంలో శాంటాలా వస్తాడు. ఇద్దరూ కాసేపు నవ్వుకుంటారు. మినోరి ఎదురుచూస్తోందంటూ తైగానే అతన్ని పంపించేస్తుంది. తలుపు మూశాక తెలుస్తుంది తనకు కావలసింది ఎవరో. చెప్పుల్లేకుండా వీధిలోకి పరిగెత్తి అతని పేరు పిలుస్తూ ఏడుస్తుంది. దూరంగా మినోరి అది చూస్తుంది. తైగాకు గొంతునిచ్చిన రీయే కుగిమియా ఏడుపులో నటన అన్నదే వినబడదు.

మరి ముగింపు? నవలల్లో ఆఖరిదైన పదో సంపుటి వెలువడిందీ, ప్రసారం ముగిసిందీ 2009 మార్చిలోనే. పది సంపుటాలను 25 ఎపిసోడ్లలో సర్దిన భారం చివర్లో బయటపడింది. అప్పటిదాకా దాదాపు కనబడని తైగా తల్లి హఠాత్తుగా వచ్చి కూతురిని తీసుకెళ్తానంటుంది. పద్దెనిమిది నిండగానే పెళ్లి చేసుకుందామని వంతెన మీద ర్యూజీ అంటాడు, ఇద్దరూ నదిలో తడుస్తారు, పారిపోవాలనుకుంటారు. ఒకప్పుడు గర్భంతో ఇల్లు విడిచి పారిపోయిన యసుకో కొడుకు అదే పనికి సిద్ధపడటం గొప్ప ఆలోచన. దానికి రెండు ఎపిసోడ్లయినా కేటాయించాల్సింది. ఆమె తన తల్లిదండ్రులను మళ్లీ కలిసే సన్నివేశం నిమిషాల్లో ముగుస్తుంది. మూడోసారి చూసేటప్పుడు నాకు అందరికన్నా దగ్గరైనది యసుకో. ఆమెకు అన్యాయం జరిగిందనే నా బాధ.

తర్వాత తైగా చెప్పకుండా వెళ్లిపోతుంది. ఏడాది గడుస్తుంది, పట్టాల రోజున తరగతి గది బీరువాలోంచి బయటపడుతుంది. ఆమె వెళ్లడం తప్పని నేను అనను. తల్లితో లెక్క తేల్చుకుని రావాలనుకోవడం ఎదిగిన మనిషి లక్షణం. కానీ ఆ ఏడాదిని కొద్ది నిమిషాల్లో దాటించేశారు. రోజూ ఆమె కూర్చున్న చోటు ఖాళీగా ఉండగా ర్యూజీ ఎలా వండాడో, ఎన్ని గిన్నెలు బయటికి తీసి మళ్లీ లోపల పెట్టాడో నాకు చూడాలని ఉంది. ప్రతి భోజనాన్నీ అంత ప్రేమగా చూపించిన వాళ్లు ఇక్కడ తొందరపడ్డారు.

కొత్తగా చూసేవాళ్లకు చెప్పేది ఒకటే. అమీ వచ్చేవరకు ఆగండి, ఈత కొలను భాగాన్ని ఓర్చుకోండి, పంతొమ్మిదో ఎపిసోడ్ రాత్రిపూట చూడండి. మా ఇంట్లో మొదటి ఎపిసోడ్ అయిపోగానే నా భార్య ఆపమంది. రాత్రి పదకొండున్నరకు ఇద్దరం వెల్లుల్లి ఒలుచుకుని, మిగిలిన అన్నంతో ఫ్రైడ్ రైస్ చేసుకుని తిని, రెండో ఎపిసోడ్ పెట్టుకున్నాం.