స్మార్ట్ ఓడీఆర్: "రికార్డింగ్ ఉందా?" అనే ఒక్క ప్రశ్న కోసం

షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ 2023లో తెచ్చిన స్మార్ట్ ఓడీఆర్‌లో, అంటే బ్రోకర్లతో గొడవల్ని ఆన్‌లైన్‌లో తేల్చే పోర్టల్‌లో, ఇప్పటికి రెండు ఫిర్యాదులు నడిపాను, ఒకటి నాది, ఇంకోటి మా బావగారిది. రిజిస్ట్రేషన్, ఓటీపీల గోల అందరికీ తెలిసిందే, వదిలేస్తా. నాకు నచ్చిందల్లా ఒక్కటే: అవతలివాడు ముఖం చూపించక తప్పదు.

నా బ్రోకర్ ఆఫీసు నుంచి ఫోన్లు చేసే కుర్రాడు నన్ను అడక్కుండానే ఆప్షన్స్‌లో ట్రేడ్లు చేసి 62 వేలు పోగొట్టాడు. కంపెనీకి మెయిల్ పెడితే ఒక టికెట్ నంబర్, మళ్లీ పెడితే ఇంకో టికెట్ నంబర్, ఇలా నాలుగు నెలలు. సెబీ ఫిర్యాదుల పోర్టల్ స్కోర్స్‌లో పెట్టినా "మీ సమ్మతితోనే జరిగాయి" అని రెండు లైన్ల జవాబు. అప్పుడొచ్చా ఇక్కడికి.

వీడియో కాల్ రోజు కాంట్రాక్ట్ నోట్లు (జరిగిన ట్రేడ్ల వివరాలతో బ్రోకర్ పంపేవి) తేదీల వారీగా డైనింగ్ టేబుల్ మీద పేర్చుకుని, ఓ గంట మిక్సీ వెయ్యొద్దని మా ఆవిడకు చెప్పి కూర్చున్నా. మధ్యవర్తిగా వచ్చిన పెద్దాయన నేను రాత్రంతా బట్టీపట్టిన కథ సగం కూడా వినలేదు. కంపెనీ తరఫు అతన్ని, "ఈ ఆర్డర్లు ఈయనే చెప్పినట్టు కాల్ రికార్డింగ్ ఉందా?" అని అడిగారు. అతను మ్యూట్ నొక్కాడు. పక్కనెవరితోనో మాట్లాడుతున్నాడు, పెదాలు కదులుతున్నాయి, ఇక్కడ నేను టెన్షన్‌తో కాంట్రాక్ట్ నోట్ మూల మడుస్తున్నా. మ్యూట్ తీసి "వెతకాలి సార్" అన్నాడు. రెండో కాల్‌లో 41 వేలు ఇస్తామని దిగొచ్చారు. లాయర్ లేడు, నా నుంచి ఫీజు లేదు.

అప్పట్లో కనిపించిన ప్రతివాడికీ దీని గురించి ఊదరగొట్టాను. బావగారి ఫిర్యాదుతో కాస్త తగ్గా. అదే ప్రశ్నకు వాళ్ల బ్రోకర్ టక్కున స్క్రీన్‌షాట్ చూపించాడు, ఎప్పుడో ఈయన వాట్సాప్‌లో పెట్టిన "ఓకే". అది వేరే షేర్ల గురించి అని ఈయన మొత్తుకున్నా అతనిది ఒకటే మాట, "పైవాళ్లను కనుక్కుని చెప్తా". ఇలా మధ్యవర్తితో రాజీ కుదిర్చే కన్సిలియేషన్‌కి గడువు 21 రోజులు, ఇద్దరూ ఒప్పుకుంటే ఇంకో 10. అదీ అయిపోయింది, రాజీ కుదరలేదు. తర్వాతది ఆర్బిట్రేషన్, అంటే రాజీ కాదు, ఆర్బిట్రేటర్ తీర్పే, దానికి మాత్రం ఫీజుంది.

నాకైతే పనికొచ్చింది, కానీ నాది చిన్న మొత్తం, వాట్సాప్‌లో ఏమీ రాయలేదు, 21 వేలు వదులుకోవడానికి మనసు గట్టిచేసుకున్నా. బావగారు ఫీజు కట్టాలా వద్దా అని ఇంకా తేల్చుకోలేదు, నన్నడిగితే నేనూ నీళ్లు నములుతున్నా.