పాట వెనక్కి తీసుకోవచ్చా? ఈబేకీ బ్యాంకు ఈ-వేలానికీ మార్కులు

రామభద్రపురం సంత ఆశీలు పాటలోనో, ఊరి చెరువు చేపల పాటలోనో నోరు జారితే దిద్దుకోవడానికి కాస్త వ్యవధి దొరుకుతుంది. పాట నడిపే మనిషి "ఒకటోసారి... రెండోసారి..." అని సాగదీస్తాడు. ఆలోగా చెయ్యెత్తి "లెక్క తప్పింది బాబూ" అంటే నలుగురూ నవ్వుతారు, పాట మళ్లీ సాగుతుంది. ఫోన్‌లో పాడే పాటకి ఆ సాగదీత లేదు. బటన్ నొక్కిన మరుక్షణం అంకె నమోదైపోతుంది. అందుకే ఆన్‌లైన్ వేలం ఏదైనా సరే, ధరల కంటే ముందు చూడాల్సింది పాట వెనక్కి తీసుకునే నిబంధన. విజయనగరం, శ్రీకాకుళం వాళ్లు ఎక్కువగా తొక్కే గడపలు రెండు: పాత నాణేలు, స్టాంపుల కోసం ఈబే, అప్పు తీరక వేలానికొచ్చిన ఇళ్లూ స్థలాల కోసం బ్యాంకుల ఈ-వేలం. రెండిటి తీరూ వేరు.

ముందు చట్టం సంగతి. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 64వ సెక్షన్ ప్రకారం, సుత్తి కొట్టి గానీ వాడుకలో ఉన్న మరో పద్ధతిలో గానీ అమ్మకం ముగిసిందని ప్రకటించేదాకా పాటదారు తన పాట వెనక్కి తీసుకోవచ్చు. ఇది సరుకులకి వర్తిస్తుంది, ఇళ్లకీ భూములకీ కాదు. వాటికి 1872 కాంట్రాక్టు చట్టం 5వ సెక్షన్ ఉంది: అవతలివాళ్ల అంగీకారం పూర్తయ్యేలోగా ప్రతిపాదన రద్దు చేసుకోవచ్చు. ఇక్కడిదాకా చదివి హాయిగా ఊపిరి పీల్చుకునేవాళ్లే దెబ్బ తింటారు. జాతీయ రహదారుల సంస్థకీ గంగా ఎంటర్‌ప్రైజెస్‌కీ నడిచిన కేసులో 2003లో సుప్రీంకోర్టు తేల్చింది ఇది: పాట వెనక్కి తీసుకునే హక్కు వేరు, పాటకి ముందు కట్టిన ధరావతు (డిపాజిట్) తిరిగొచ్చే హక్కు వేరు. ముందే ఒప్పుకున్న షరతుల్లో జప్తు అని ఉంటే, పాట వెనక్కి వచ్చినా డబ్బు రాదు.

ఇక ఈబే. భారత్ సైటు 2018 ఆగస్టులో మూతపడింది కాబట్టి ఇక్కడి సేకర్తలు అమెరికా సైటులోనే పాడుతున్నారు. నిబంధన గడియారం మీద నడుస్తుంది. వేలం ముగియడానికి 12 గంటల కంటే ఎక్కువ ఉంటే పాట వెనక్కి తీసుకోవచ్చు, అప్పుడు ఆ వస్తువు మీద మీరు పాడిన పాటలన్నీ పోతాయి. 12 గంటల లోపైతే, పాడిన గంటలోగా మాత్రమే వీలవుతుంది, అదీ చివరి పాట ఒక్కటే. కారణాలు కూడా మూడే: అంకె తప్పు కొట్టడం, మీరు పాడాక వస్తువు వివరణ చెప్పుకోదగ్గంతగా మారడం, అమ్మేవాడు ఎంతకీ దొరక్కపోవడం. "మనసు మారింది" ఆ జాబితాలో లేదు. అంకె తప్పని చెప్పి తీసుకుంటే సరైన అంకెతో వెంటనే మళ్లీ పాడాలి. ఎన్నిసార్లు వెనక్కి తగ్గారో పాటల చరిత్రలో అందరికీ కనిపిస్తుంది.

12 గంటల గీత ఊరికే గీయలేదు. దాని వెనక రెండు మాయలున్నాయి. మొదటిది ముగ్గురాట. ఒక వెండి నాణేనికి మొదటివాడు 10 డాలర్లు పాడతాడు. వాడి మనుషులిద్దరు 390, 400 పాడి ధర పైన కూర్చుంటారు. ఆ ధర చూసి నిజంగా కొనేవాళ్లు పక్కకు తప్పుకుంటారు. ముగింపు దగ్గర పడ్డాక పైవాళ్లిద్దరూ పాటలు లాగేసుకుంటే నాణెం 10 డాలర్లకే మొదటివాడి చేతికి చిక్కుతుంది. రెండోది లోతు కొలిచే ఆట. మీరు గరిష్ఠంగా 60 డాలర్లు పెట్టారు, సైటు మీ తరఫున అవసరమైనంతే పెంచుతుంది. అమ్మేవాడి మనిషి 200 కొడతాడు. ధర 60 దాటగానే మీ లోతు వాడికి తెలిసిపోతుంది. వెంటనే పాట తీసేసి, ఈసారి 58 పాడతాడు. ఇంకెవరూ రాకపోతే, 25కో 30కో దొరకాల్సింది 58 పైనే మీ మెడకి తగులుకుంటుంది. ఈ రెండోదాన్ని 12 గంటల గీత పూర్తిగా ఆపలేదు. మీ మీద పాడి వెనక్కి తగ్గినవాడే కొంచెం తక్కువకి మళ్లీ వచ్చాడంటే అనుమానించాల్సిందే.

ఇక్కడ మనవాళ్లు చేసే తప్పు ఒకటుంది: 2,500 రూపాయలనుకుని డాలర్ల గడిలో 2,500 కొట్టడం. మీరు పెట్టిన గరిష్ఠం పైకి కనిపించదు, రెండో పాటదారు కంటే ఒక మెట్టు మాత్రమే ఎక్కువ చూపిస్తుంది. ధర 22 డాలర్ల దగ్గర ప్రశాంతంగా ఉన్నట్టే ఉంటుంది. ఇంకొకరు వచ్చి పెంచేదాకా తప్పు బయటపడదు, అప్పటికి ఆ గంట గడిచిపోయి ఉండొచ్చు. పాడిన వెంటనే మీ గరిష్ఠ పాట ఎంతో, ఏ కరెన్సీలో ఉందో మీ ఖాతాలో తెరిచి చూసుకోండి. తప్పుంటే వెనక్కి తీసుకునే ఫారంలో ఐటెం నంబరు, కారణం ఇస్తే సరిపోతుంది. నిబంధనగా ఈబేకి ఐదుకి నాలుగు. ఒకటి తగ్గించింది, లోతు కొలిచేవాళ్లకి వదిలిన సందుకి.

బ్యాంకు ఈ-వేలం మరో లోకం. ప్రభుత్వ రంగ బ్యాంకుల ఆస్తులకి 2025 జనవరి నుంచి బ్యాంక్‌నెట్ పోర్టల్ ఉంది. మొబైల్, ఈమెయిల్‌తో నమోదు, కేవైసీ, తర్వాత ధరావతు కట్టడం. పాట షరతుల్లో మామూలుగా ఉండే మాట ఒకటే: ఒకసారి పాడింది వెనక్కి లేదు. అదే కాగితంలో ఇంకో మాట కూడా ఉంటుంది: కారణం చెప్పకుండా వేలాన్ని ఆపడానికీ, వాయిదా వేయడానికీ, రద్దు చేయడానికీ వేలం నడిపే బ్యాంకు అధీకృత అధికారికి హక్కుంది. త్రాసు ఎటు మొగ్గిందో వేరే చెప్పాలా.

లెక్క వేసి చూద్దాం. విజయనగరం కంటోన్మెంట్ వైపు ఒక ఇల్లు, రిజర్వ్ ధర, అంటే మన సర్కారు పాట, 32 లక్షలు. ధరావతు పది శాతం, 3,20,000. పాట పాటకీ పెంచాల్సిన మెట్టు 25 వేలు. మీరు 34,50,000 పాడబోయి ఒక సున్నా ఎక్కువ కొట్టారు: 3,45,00,000. దాని మీద పాడేవాడు ఎవడూ ఉండడు, వేలం అక్కడే చచ్చిపోతుంది. బ్యాంకులు తాకట్టు ఆస్తుల్ని అమ్మే తీరు చెప్పే 2002 నాటి సెక్యూరిటీ ఇంట్రెస్ట్ నిబంధనల్లో 9వది ఏమంటుందంటే, అమ్మకం ఖరారైన రోజే, లేదా మర్నాటి పనిదినం లోపు, ధరావతుతో కలిపి 25 శాతం కట్టాలి. సరైన పాటైతే ఇంకా కట్టాల్సింది 5,42,500. సున్నా తప్పైతే 83,05,000. కట్టలేరు. షరతుల ప్రకారం 3,20,000 పోతాయి, ఇంటిని మళ్లీ వేలానికి పెట్టాలి, దానికి కొత్తగా నోటీసు, కనీసం 15 రోజులు. పాటదారు మునిగాడు, బ్యాంకుకి ఆలస్యం, అప్పు తీసుకున్నవాడికి వడ్డీ పెరుగుతుంది. ఎవరికీ లాభం లేని కఠినత్వం ఇది.

ముగ్గురాట భయం వల్లే ఈ కఠినత్వం అంటారు. ఆ వాదన సగమే నిలబడుతుంది. ఈబేలో పైవాడు తప్పుకుంటే వస్తువు కిందివాడికి పోతుంది, ఆట పారేది అందుకే. బ్యాంకు వేలంలో గెలిచినవాడు డబ్బు కట్టకపోతే ఆస్తి కిందివాడికి పోదు, పునర్వేలానికి పోతుంది. భయమల్లా వేలం నడుస్తుండగా పాట తీసేయనిస్తేనే. దానికి మందు నిషేధం కాదు, గడియారం. అంకె కొట్టిన రెండు నిమిషాల్లోపు, ఒక్కసారి, అదీ పాట ముందుదాని కంటే ఇరవై మెట్లకి మించి పెరిగితేనే దిద్దుకోనివ్వాలి. దిద్దిన వెంటనే వేలం సమయం పది నిమిషాలు పెరగాలి, తప్పుకున్నవాళ్లు తిరిగి రావడానికి. చివరి నిమిషాల్లో పాట పడితే సమయం పొడిగించే ఏర్పాటు ఈ-వేలాల్లో ఎలాగూ మామూలే, కాబట్టి ఇది కొత్త యంత్రమేం కాదు.

మనసు మారినవాళ్ల విషయంలో మాత్రం బ్యాంకు వైపే న్యాయముంది. 25 శాతం కట్టాక మిగతా 75 శాతానికి అమ్మకం ధ్రువీకరించిన రోజు నుంచి 15 రోజులు గడువు. బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకుంటే మూడు నెలల దాకా సాగుతుంది, అంతకు మించదు. హోమ్ లోన్ రాలేదనో, ఫ్లాట్ బేరం కుదిరిందనో ఆగిపోతే పాతిక శాతం మొత్తం జప్తు. సెంట్రల్ బ్యాంక్ వర్సెస్ షణ్ముగవేలు కేసులో 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది, బ్యాంకుకి నష్టం వచ్చిందా లేదా అన్న లెక్కతో పని లేదంది.

వివరణ తప్పైన సందర్భం మాత్రం మిగిలిపోతోంది. ఈబే దీన్ని కారణంగా ఒప్పుకుంటుంది. బ్యాంకు "ఉన్నది ఉన్నట్టుగా" అనే ఒక్క ముక్కతో సరిపెడుతుంది. తనకు తెలిసిన బకాయిలు, తాకట్లు నోటీసులో రాయాలని అవే నిబంధనల్లో 8వది చెబుతున్నా, రాయకపోతే మీరు విశాఖపట్నం డీఆర్‌టీ (అప్పుల వసూలు ట్రిబ్యునల్) గుమ్మం ఎక్కాలి. పాటని అక్కడికక్కడే వెనక్కి తీసుకోలేరు. అందుకే బ్యాంకు వేలానికి ఐదుకి రెండున్నర మించి ఇవ్వలేం.

కాబట్టి పని అంతా ధరావతు కట్టకముందే. నోటీసులో "సింబాలిక్ పొజెషన్" అని ఉంటే తాళం బ్యాంకు దగ్గర లేనట్టే. లోపల ఉన్నవాళ్లని ఖాళీ చేయించడానికి జిల్లా మెజిస్ట్రేట్ ముందు సర్ఫేసీ చట్టం (బ్యాంకులు తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకునే చట్టం) 14వ సెక్షన్ కింద దరఖాస్తు నడవాలి. ఉత్తర్వుకి చట్టం ఇచ్చిన గడువు 30 రోజులు, కారణాలు రాస్తే 60. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆస్తి మీద తాకట్లు, లావాదేవీలు చూపే పత్రం), మున్సిపాలిటీలో ఆస్తిపన్ను, కరెంటు బకాయి చూడండి. స్థలమైతే సర్వే నంబరు పట్టుకుని వెళ్లి హద్దులు కొలిపించండి, నోటీసులో సెంట్లు ఒకటి, నేల మీద ఇంకొకటి ఉండటం అరుదేం కాదు. ధర 50 లక్షలు, ఆ పైన అయితే ఒక శాతం టీడీఎస్ మీరే కోసి కట్టాలి. ధరావతు చివరి రోజు దాకా ఆగొద్దు, ఖాతాలో జమ కనబడేదాకా కట్టినట్టు కాదు.

పాట రోజున ఫోన్ పక్కన పెట్టి కంప్యూటర్ ముందు కూర్చోండి. మీ గరిష్ఠ పాటని కాగితం మీద అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాసుకోండి. అంకె కొట్టాక కామాలు లెక్కపెట్టండి: లక్షల పాటకి రెండు కామాలు, కుడి నుంచి రెండో కామాకి ఎడమన రెండంకెలే ఉండాలి. మూడో కామా కనిపిస్తే మీరు కోటిలో ఉన్నట్టు. పక్కనున్నవాళ్లని పైకి చదవమనండి, ఆ తర్వాతే నొక్కండి.