బరంపురంలో నానోజెల్ అడిగితే నిజం చెప్పిన మందుల దుకాణం

పర్లాకిమిడి నుంచి నెలకొకసారి బరంపురం వెళ్ళి మా మావయ్యగారికి టెమోజోలోమైడ్ అనే క్యాన్సర్ మందు క్యాప్సూల్స్ తెస్తున్నాను. ఆయనది గ్లయోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సర్. విశాఖలో ఆపరేషను, ఆరు వారాల రేడియేషను అయ్యాక, ఇప్పుడు 28 రోజులకు ఐదు రోజుల చొప్పున ఈ మందు నడుస్తోంది. వైద్య కళాశాల దగ్గరి చిన్న దుకాణంలో కొనడం ఇది ఐదోసారి.

మొదటిసారి చీటీలో రోజుకు 240 మిల్లీగ్రాములని ఉంటే, దుకాణం పెద్దాయన 100వి రెండు, 20వి రెండు అని ఐదు రోజుల పట్టిక తెలుగులో రాసి డబ్బా మీద అంటించారు. పరగడుపున, వాంతుల మాత్ర వేసుకున్నాక, నిండు గ్లాసు నీళ్ళతో, విప్పకుండా, నమలకుండా మింగాలనీ, పగిలితే ఆ పొడిని తాకవద్దనీ చెప్పి, నా చేత తిరిగి చెప్పించుకున్నారు. తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు పడిపోయే మందు కనుక రక్తపరీక్ష కాగితం చూడనిదే తరువాతి విడత ఇవ్వరు.

ఆ దుకాణం మీద నాకు గురి కుదిరింది మాత్రం గత నెలలోనే. మెదడు క్యాన్సర్‌కు నానోజెల్ వచ్చిందనీ, 40 వేలు ముందుగా పంపితే సీసా పంపుతామనీ ఎవరో మా బంధువులకు ఫోనులో చెబితే, ఆశతో ఆ వివరాలు రాసుకెళ్ళి దుకాణం పెద్దాయనకు చూపించాను. ఆయన చివరిదాకా చదివి, నన్ను కూర్చోబెట్టి వివరించారు. మెదడు రక్తనాళాల గోడలో కణాలు సందు లేకుండా అతుక్కుని ఉండి చాలా మందులను లోపలికి రానివ్వవు. టెమోజోలోమైడ్ అణువు చిన్నది కాబట్టి కొంతమేరకు దాటుతుంది. నానోజెల్ అంటే నీటిని పీల్చి ఉబ్బే అతి చిన్న పాలిమర్ (గొలుసు అణువుల) వల. అందులో మందును దాచి, ఆ వలకు ట్రాన్స్‌ఫెరిన్ వంటి ప్రొటీన్‌ను తగిలిస్తే, ఇనుమును మోసే ఆ ప్రొటీన్‌ను గుర్తుపట్టి ఆ గోడ కణాలే లోపలికి తీసుకుంటాయని శాస్త్రవేత్తల ఆలోచన. కణితి దగ్గరి ఆమ్లత్వానికి వల విచ్చుకుని మందును వదిలేలా కూడా తయారు చేస్తున్నారు. "కానీ అమ్మా, అదంతా ఇంకా ప్రయోగశాలల్లో, ఎలుకల మీద జరుగుతున్న పని. మెదడు క్యాన్సర్‌కు ఆమోదం పొందిన నానోజెల్ ఏదీ లేదు, డబ్బు పంపవద్దు" అన్నారు. ఆ మాట వినడం కష్టంగానే ఉండింది. అయినా మా డబ్బూ, మావయ్యగారి క్రమం తప్పని చికిత్సా రెండూ నిలిచాయి.

ఒక్క లోపం ఉంది. 20 మిల్లీగ్రాములవి ఎప్పుడూ నిల్వ ఉండవు, రెండు రోజుల ముందే చెప్పి తెప్పించుకోవాలి. ఆదివారం దుకాణం మూసి ఉంటుంది కనుక, సోమవారం విడత మొదలయ్యేవారు గురువారమే ఫోను చేయడం మంచిది.