డైమండ్ ప్లేటుతో ఇంట్లోనే కత్తులకు సాన: ఆరు నెలలు వాడాక

మా ఇంట్లో కత్తులన్నిటికీ ఒకటే జబ్బు, కొయ్యవు, నొక్కుతాయి. టమాటా తొక్క తెగేలోపు రసమంతా చెక్క మీదుంటుంది. ఇదివరకు సైకిలుకు చక్రం బిగించుకుని కత్తులకు సాన పడతామని అరుచుకుంటూ ఒకాయన వచ్చేవాడు, ఇప్పుడు అపార్ట్‌మెంట్ గేటు దాటనివ్వట్లేదు. మా అమ్మయితే పింగాణీ కప్పు బోర్లించి అడుగున గరుకుగా ఉండే అంచు మీద నాలుగు రుద్దులు రుద్ది కానిచ్చేస్తుంది (నిజంగానే పనిచేస్తుంది, రెండు రోజులు). ఇలా కాదని ఆన్‌లైన్‌లో డైమండ్ ప్లేటు తెప్పించా, ఒకవైపు 400 గ్రిట్, ఇంకోవైపు 1000 (గ్రిట్ అంటే గరుకు కొలత, అంకె పెరిగేకొద్దీ పలక నున్నన).

వజ్రం అంటే తొలకరి పడగానే కర్నూలు వైపు చేలల్లో జనం వెతుక్కునే వజ్రం కాదులెండి. ఫ్యాక్టరీలో తయారయ్యే వజ్రపు పొడిని స్టీలు పలక మీద నికెల్ పూతతో పట్టి ఉంచుతారు, అంతే. అయినా వజ్రం వజ్రమే, ఎంత గట్టి స్టీలునైనా అరగదీస్తుంది, పింగాణీ కత్తిని కూడా. మామూలు సానరాయిలా మధ్యలో గుంటపడదు, ముందు నీళ్లలో నానబెట్టక్కర్లేదు, నాలుగు చుక్కల నీళ్లు చాలు.

మొదట వచ్చిన పలక మాత్రం వంకర. స్టీలు స్కేలు నిలబెట్టి చూస్తే కింద మధ్యలో వెలుతురు కనిపించింది. కంపెనీ పేరు ఎందుకులే, వెనక్కిచ్చేస్తే ఇంకోటి పంపారు, అది బాగానే ఉంది. మీరు కొన్నా ముందు ఈ స్కేలు పరీక్ష చేయండి, తర్వాతే నీళ్లు తగిలించండి.

ఇక వాడకం. అసలు కష్టమంతా కత్తిని పలక మీద ఆనించే కోణంలో ఉంది. మన వంటింటి కత్తికి ఒక్కోవైపు 20 డిగ్రీలు సరిపోతుంది. కాగితం మూలని సగానికి, మళ్లీ సగానికి మడిస్తే ఇరవై రెండున్నర వస్తుంది, దాన్ని పక్కన పెట్టుకుని చూసుకుంటే చాలు. లేదంటే కత్తి వెడల్పు 2 సెంటీమీటర్లుంటే వీపు (పదును లేని మందపాటి వైపు) పలక మీంచి 7 మిల్లీమీటర్లు లేవాలి. నేను ఇంకో పని కూడా చేశా, నల్ల మార్కర్‌తో వాదర పొడవునా గీత గీసి రెండు రుద్దులు రుద్ది చూశా. నలుపు అంచు దగ్గర చెరగకుండా పైన మాత్రమే చెరిగిందంటే కత్తిని మరీ వాల్చేసినట్టు, ఇంకాస్త లేపాలి.

400 వైపు రుద్దుతూ ఉంటే నీళ్లు నల్లబడతాయి, గరగరమనే చప్పుడు కాసేపటికి తగ్గుతుంది. అలా ఒకేవైపు రుద్దగా రుద్దగా వాదర రెండోవైపుకి కంటికి ఆనని సన్నటి పొర ఒకటి తిరుగుతుంది. వీపు నుంచి అంచు దాటి బయటికి బొటనవేలు మెల్లగా జారిస్తే గరుకుగా తగులుతుంది, కత్తి మడమ (పిడి దగ్గరి కొస) నుంచి మొన దాకా అది తగిలేవరకు వైపు మార్చకూడదు. మొదట్లో నాకు ఇది తెలీక అటు పది ఇటు పది రుద్ది, కత్తి అలాగే ఉందేంటని పలకని తిట్టుకున్నా. తర్వాత రెండోవైపు కూడా అంతే, ఆపైన 1000 వైపు తేలిగ్గా ఒకటొకటిగా మార్చి మార్చి రుద్ది, చివర్లో పాత తోలు బెల్టు మీద వీపు ముందు పెట్టి పదిసార్లు లాగితే ఆ పొర రాలిపోతుంది. మొదటి కత్తికి ముప్పావుగంట పట్టింది, ఇప్పుడు పది నిమిషాలు.

నా తప్పు ఒకటి చెప్పాలి. పచ్చడి నూరినట్టు నొక్కి రుద్దా. పొడి ఒక్క వరసే ఉంటుంది కాబట్టి అలా నొక్కితే వజ్రాలు ఊడొచ్చేస్తాయి, నా పలక మీద రూపాయి బిళ్లంత మేర నున్నగా అయిపోయింది, ఇంక రాదు. కత్తి బరువుకి కాస్త చేయి తోడైతే చాలు. గ్రానైట్ గట్టు మీద పలక జారుతుంది, కింద తడిగుడ్డ వేయండి. పని అయ్యాక కడిగి తుడిచి ఆరబెట్టకపోతే అంచుల్లో తుప్పు పడుతుంది.

కత్తిపీటకి మాత్రం ఇది కుదరలేదు. ఆ వంపు లోపల వెడల్పు పలక ఆనదు, దాని మూల ఒక్కటే తగిలి గీతలు పడ్డాయి. దానికి చేత్తో పట్టుకుని రాసే సన్నటి డైమండ్ కడ్డీ కొనుక్కోవాలి. పళ్లున్న బ్రెడ్ కత్తి జోలికి అసలు పోకండి.

వెయ్యి లోపు ధరకి ఐదుకి నాలుగు ఇస్తా, ఒకటి తగ్గించింది ఆ వంకర పలక తలనొప్పికి. ఇప్పుడు టమాటా మీద కత్తి ఊరికే ఆనించి లాగితే దిగిపోతోంది, కొత్తిమీర నలగట్లేదు. మా ఆవిడ ఖుషీ. అమ్మకే నచ్చలేదు. బెండకాయల్ని చేతిలోనే పట్టుకుని బొటనవేలి మీదికి కోసే అలవాటు ఆవిడది, మొదటి రోజే వేలు తెగింది. "నా కత్తి జోలికి రాకురా" అని ఒక మొద్దు కత్తిని పోపులపెట్టె వెనక దాచుకుంది, దాన్ని ఇప్పటికీ కప్పు మీదే రుద్దుకుంటోంది.