ఓపెన్ బాక్స్ డెలివరీ: పార్సిల్ మోసేవాడి వైపు నుంచి ఒక సమీక్ష

ఓపెన్ బాక్స్ డెలివరీ మీద కొన్నవాళ్లు రాసిన సమీక్షలు బోలెడు చదివాను. తెచ్చి ఇచ్చేవాడు రాసింది ఒక్కటీ కంటపడలేదు. ఆరేళ్లుగా పార్సిళ్లు మోస్తున్నాను. మొదటి రెండేళ్లు మా యాప్‌లో ఈ సదుపాయమే లేదు. విప్పి చూస్తామని ఎవరైనా అడిగితే కుదరదని చెప్పి తిట్లు తినడమే పని. ఆ తర్వాత నాలుగేళ్లుగా కొన్ని సరుకులకి ఉంది, కొన్నిటికి లేదు. రెండు కాలాలూ అనుభవించాను కాబట్టి రాస్తున్నాను. కంపెనీ పేరు మాత్రం అడగొద్దు, ఇంకా అక్కడే చేస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. సరుకు ఈ పద్ధతిలో వస్తుందా లేదా అన్నది ఆర్డర్ పెట్టేటప్పుడే తేలిపోతుంది. గుమ్మం దగ్గర నేను పెట్టె కోసి లోపలిది చూపిస్తాను. అంతా బాగుంటే కస్టమర్ ఓటీపీ చెప్తారు, అది నేను కొట్టగానే డెలివరీ అయిపోయినట్టు. బాగోలేకపోతే కారణం నొక్కి, ఫొటోలు తీసి, మళ్లీ సర్ది హబ్‌కి, అంటే పార్సిళ్లు వచ్చి చేరే మా గోడౌన్‌కి, పట్టుకెళ్లాలి. కాగితం మీద ఇంతే. గొడవలన్నీ పెట్టె కోయడానికీ ఓటీపీ చెప్పడానికీ మధ్య ఉన్న ఆ కాస్త సందులోనే.

ఓటీపీ అంటే ఏమిటో జనానికి ఎవరూ సరిగ్గా చెప్పలేదు. పార్సిల్ చేతికివ్వాలంటే చెప్పాల్సిన నంబరు అనుకుంటారు చాలామంది. కాదండీ, అది మీ సంతకం. “అందింది, ఒప్పుకున్నాను” అని రాసిచ్చినట్టే. అది చెప్పాక నా ఫోన్‌లో ‘తిరస్కరించారు’ అన్న బటన్ మాయమైపోతుంది. ఆ తర్వాత లోపల రాయి ఉన్నా రప్ప ఉన్నా నేను చేయగలిగింది లేదు, మీరు రిటర్న్ పెట్టుకోవాల్సిందే.

ఇది నాకు అర్థమైంది ఒక పెద్దాయన వల్ల. కొత్తగా ఈ సదుపాయం వచ్చిన రోజులు. తలుపు తీస్తూనే, “బాబూ, నంబరు రాసుకో” అని గడగడా చదివేశారు. నేనూ అలవాటు కొద్దీ కొట్టేశాను. అప్పుడు పెట్టె కోశాను. అట్ట మీద అట్ట తీస్తుంటే, లోపలి నుంచి గలగలమని సన్నటి చప్పుడు. టేబుల్ లైటు అది, గాజు డిప్ప రెండు చెక్కలయ్యింది. ఆయన ఆ చెక్కలు రెండూ చేతుల్లోకి తీసుకుని, అతికితే సరిపోతుందా అన్నట్టు దగ్గరికి పెట్టి చూశారు. “మరి ఇది తీసుకెళ్లిపోతావా?” అన్నారు. తీసుకెళ్లలేను. నా ఫోన్‌లో అప్పటికే పచ్చ టిక్ పడిపోయింది. రిటర్న్ ఎలా పెట్టాలో ఆయనకి తెలీదు. ఆ రాత్రి డ్యూటీ దిగాక మళ్లీ వెళ్లి ఆయన ఫోన్‌లో నేనే పెట్టిచ్చాను. ఆ రోజు నుంచి పెట్టె విప్పకముందు ఎవరైనా నంబరు చెప్పబోతే చెవులు మూసుకుంటున్నాను. నిజంగానే చేతులు అడ్డం పెట్టుకుంటాను, నవ్వుతారు, కానీ ఆగుతారు.

దీనికి అటు చివర ఇంకో రకం ఉన్నారు. అంతా చూసుకున్నాక కూడా, “సాయంత్రం మావారు వచ్చాక ఆయన కూడా చూసి చెప్తారు, పెట్టి వెళ్లు” అంటారు. పెట్టి వెళ్తే సరుకు అక్కడ, లెక్క నా పేరు మీద. అలా ఎవరూ వదలరమ్మా అని చెప్పి, మళ్లీ సర్దుకుని, రేపు వస్తానని రాసుకుంటాను. తప్పు వాళ్లదని అనను. నలుగురిలో నిలబడి రెండు నిమిషాల్లో ఒప్పుకునేయమంటే ఎవరికైనా కంగారే.

సీల్డ్ పార్సిళ్ల దగ్గరే నిజమైన తలనొప్పి. అంటే ఓపెన్ బాక్స్ లేనివి. పక్కింటికి విప్పి చూపించావు, మాకెందుకు చూపించవని అడుగుతారు. ఏం చెప్పను? సీల్ తెగిన పెట్టె వెనక్కి వెళ్తే, వాడేసి తిప్పి పంపారని అమ్మినవాడు అంటాడు. ఎవరు కోశారని హబ్ అడుగుతుంది. మధ్యలో దొరికేది నేను. మొదట్లో “రూల్స్ ఒప్పుకోవండీ” అనేవాణ్ణి. ఆ మాట వింటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. ఇప్పుడు వేరేలా చెప్తున్నాను: “కోయడం నా చేతిలో లేదు సార్. బయట నుంచి ఎంతసేపైనా చూడండి, నేనూ చూపిస్తాను. అనుమానం ఉంటే తీసుకోకండి, ‘వద్దన్నారు’ అని నేనే రాస్తాను.” వద్దనే హక్కు తమకుందని తెలిశాక సగం మంది తగ్గుతారు. వాళ్లకి కావాల్సింది పెట్టె విప్పడం కాదు, తమ మాట ఒకటి చెల్లడం.

క్యాష్ ఆన్ డెలివరీ అయితే ఇంకో మెట్టు ఎక్కువ. చూడకుండా డబ్బెలా ఇస్తామంటారు. న్యాయమైన ప్రశ్నే, చాలా పాత ప్రశ్న కూడా. నా రూట్లో ఉన్న ఒక లాయరమ్మ చెప్పి, తర్వాత చదివించారు కూడా. దేశాల మధ్య వ్యాపారుల అమ్మకాల కోసం 1980లో వియన్నాలో రాసుకున్న ఒప్పందం ప్రకారం, సరుకు చూసుకునే వీలు దొరికేదాకా కొన్నవాడు డబ్బు కట్టక్కర్లేదు. ఇద్దరూ ముందే ఒప్పుకున్న పద్ధతి అందుకు అడ్డం వస్తే మాత్రం ఆ వెసులుబాటు ఉండదు. అమెరికా వాణిజ్య నియమావళి ఇంకా ముక్కుసూటి: క్యాష్ ఆన్ డెలివరీకి ఒప్పుకుంటే, వేరే మాట అనుకోకపోతే, డబ్బు కట్టకముందు తనిఖీ చేసే హక్కు లేదు. అంటే గుమ్మం దగ్గర మేం కొట్టుకునేది ఆర్డర్ పెట్టేటప్పుడే తేలిపోయిన విషయం. కానీ నోట్లు చేతిలో పట్టుకుని నిలబడ్డ మనిషికి నేను వియన్నా గురించి చెప్పలేను కదా.

విప్పడం కన్నా, విప్పకముందు బయట చూడటమే ఎక్కువ పనికొచ్చిందని నా అనుభవం. ఆరు ముఖాలూ తిప్పి చూడాలి, అడుగు మరీ ముఖ్యం, అది ఎవరూ చూడరు. టేపు మీద ఇంకో రకం టేపు ఉందా? మూల లోపలికి దిగిందా? అట్ట మీద తడి ఆరిన వలయం కనిపిస్తోందా? తడిసి ఆరిన అట్టకి ముందున్న బలం ఉండదు, వేలితో నొక్కితే మెత్తగా దిగుతుంది. పైకి చూపే రెండు బాణాల గుర్తు తలకిందులై ఉంటే, ఎక్కడో ఒకచోట అలాగే ప్రయాణం చేసి ఉండొచ్చన్నమాట. కొన్ని పెట్టెలకి షాక్ స్టిక్కర్ ఉంటుంది, గట్టిగా కుదుపు తగిలితే అందులోని సన్న గొట్టం ఎర్రబడుతుంది. ఎర్రబడితే లోపలిది పగిలిందని కాదు. ఆ మాట రసీదు మీద రాయించి, జాగ్రత్తగా విప్పి చూసుకోమని అర్థం. ఎరుపు చూడగానే తలుపేసేసినవాళ్లున్నారు, వస్తువు మాత్రం నిక్షేపంగా ఉంది.

బయటి దెబ్బని అక్కడే చెప్పడం ఎందుకు ముఖ్యమో పెద్ద రవాణా వాళ్లకి బాగా తెలుసు. దేశాల మధ్య లారీ సరుకుకి వర్తించే 1956 నాటి సీఎంఆర్ ఒప్పందంలో, కంటికి కనిపించే నష్టం గురించి అందుకునేటప్పుడే చెప్పాలి. కనిపించనిదైతే ఆదివారాలు, సెలవులు పోను ఏడు రోజుల్లోగా రాసి పంపాలి. మా చిన్న పార్సిళ్లకి ఆ ఒప్పందంతో పనిలేదు గానీ, తేడా మాత్రం అదే. నలిగిన మూలని నా ఎదురుగా ఫొటో తీస్తే అది సాక్ష్యం, నేను వెళ్లాక తీస్తే వాదన.

బరువు గురించి ఒకటి చెప్పి తీరాలి. ఒకాయన పార్సిల్‌ని త్రాసు మీద పెట్టి, “లేబుల్ మీద నాలుగు కిలోలు, ఇక్కడ కిలోంబావు. మిగతాది ఎక్కడ దించావు?” అని నిలదీశారు. ఇంటిల్లిపాదీ బయటికొచ్చేశారు. నేను కొలతల టేపు బయటికి తీసి పెట్టె కొలిచాను: 50, 40, 10 సెంటీమీటర్లు. మూడూ గుణిస్తే 20,000. దాన్ని 5,000తో భాగిస్తే నాలుగు. ఇది ఘనపరిమాణం బరువు, బండిలో ఎంత చోటు తింటుందో దాన్ని బట్టి వేసేది. త్రాసు బరువు కన్నా ఇది ఎక్కువైతే చాలా కొరియర్లు దీన్నే లెక్కగడతాయి. లోపల ఉన్నది దిండ్లు! ఆయన మళ్లీ తనే గుణించుకుని చూసుకున్నారు. అలా కాకుండా, నిజంగా కొలిచిన బరువు రాసిన లేబుల్‌కీ త్రాసుకీ పొంతన లేకపోతే మాత్రం అనుమానించాల్సిందే.

ఇక వస్తువుల వారీగా. ఓపెన్ బాక్స్‌కి పుట్టిందే మొబైల్ ఫోన్. పెట్టె మీదున్న 15 అంకెల ఐఎంఈఐ (ఒక్కో ఫోన్‌కి విడిగా ఉండే గుర్తింపు నంబరు), ఫోన్‌లో స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ కొడితే వచ్చే ఐఎంఈఐ ఒకటైతే చాలు. రెండు సిమ్‌ల ఫోనుకి రెండు నంబర్లు ఉంటాయి, రెండూ చూడాలి. నేను చదువుతాను, కస్టమర్ పెట్టె మీద వేలు పెట్టి ఒక్కో అంకె కలుపుకుంటారు. ఇది నాకూ రక్షణే. “వెలుతురు లేదు, లోపలికెళ్లి చూసొస్తాను” అని పెట్టె పట్టుకెళ్లి, వేరే ఫోన్‌తో బయటికొచ్చినవాళ్లూ తగిలారు. పెట్టె నా కంటి ముందు నుంచి కదలకూడదు. నా దగ్గర టార్చ్ ఉంది, కావాలంటే వెయ్యనా?

టీవీకి ఈ పద్ధతి సగమే పనిచేస్తుంది. పక్క నుంచి వెలుతురు పడేలా చూస్తే పై గాజు మీది గీత కనిపిస్తుంది. లోపలి ప్యానెల్ చిట్లితే ఆన్ చేస్తే గానీ తెలియకపోవచ్చు. ఆన్ చేసేది బిగించడానికి వచ్చే మనిషి, నేను కాదు. కస్టమర్‌కి ఈ తేడా ఎవరూ చెప్పరు. ఫ్రిజ్ సంగతి మరీను. “ఆన్ చేసి చల్లబడితేనే నంబరు చెప్తా” అన్నారొకరు. దారిలో పడుకోబెట్టి ఉంటే కంప్రెసర్‌లోని నూనె గొట్టాల్లోకి పారుతుంది, మాన్యువల్లో రాసినన్ని గంటలు నిలబెట్టి ఉంచాకే స్విచ్ వెయ్యాలి. అన్ని గంటలు నేను మెట్ల మీద కూర్చోలేను. సొట్టలు, తలుపు, అరలు, వెనక గొట్టాలు, అంతవరకే గుమ్మం దగ్గర చూడగలిగేది. బట్టలకీ పుస్తకాలకీ ఈ పద్ధతి దండగ.

నచ్చనిది కూడా రాయాలి కదా. సమయం. యాప్‌కి ఒక స్టాప్ అంటే ఒక స్టాపే. కవరు చేతికిచ్చి వచ్చేసినా, ఫోన్ విప్పి ఒక్కో అంకె చదివించినా లెక్క ఒకటే. మూడో అంతస్తులో పావుగంట నిలబడితే, ఆ పావుగంట చివరి ఇంటివాళ్ల మీద పడుతుంది. వాళ్ల దగ్గర నేను తొందరపెడతాను, వాళ్లు అనుమానపడతారు. ఇది కస్టమర్ తప్పూ కాదు, నా తప్పూ కాదు, రూట్ వేసినవాడి తప్పు. ఇంకోటి, వద్దన్న సరుకుని మళ్లీ ప్యాక్ చేయడానికి టేపు కూడా ఇవ్వరు. బండి డిక్కీలో ఉండే టేపు నా సొంతం. హబ్‌లో సీల్ తెగిన పెట్టె దించినప్పుడల్లా ఫొటోలు చూపించి నేను దొంగని కాదని ఒప్పించుకోవాలి. విప్పకముందు, విప్పాక, సర్దాక, మూడు ఫొటోలు లేకుండా నేను గుమ్మం దాటను.

వీడియో తీసేవాళ్ల గురించి చాలామంది మావాళ్లు చిరాకు పడతారు. నాకు ఇష్టమే, లేబుల్ దగ్గర మొదలుపెట్టి మధ్యలో ఆపకుండా తీస్తే. నా మొహం కాకుండా పెట్టెని తీయండి, అంతే. చేతులు వణకకుండా పట్టుకోవడానికి నేనే సాయం చేస్తాను.

మార్కులు వెయ్యమంటే, పద్ధతికి అయిదుకి నాలుగు, దాన్ని నడిపే తీరుకి రెండు. ఖరీదైన ఎలక్ట్రానిక్స్‌కి, గాజు వస్తువులకి తప్పకుండా ఎంచుకోండి. ఇంట్లో చూసుకునే మనిషి ఉన్న వేళకే తెప్పించుకోండి, పెట్టె కోయడానికి కట్టర్ నేను తెస్తాను. నేను వచ్చానని ఫోన్ చేసి ఓటీపీ అడిగితే చెప్పకండి, నేనైనా సరే. గుమ్మం దగ్గర, చూశాక, అప్పుడు.

లైటు పెద్దాయన ఇప్పటికీ నా రూట్లోనే ఉన్నారు. మొన్న ఒక పుస్తకం వచ్చింది ఆయనకి, ఇంత పల్చటి కవరు. కళ్లజోడు పెట్టుకుని, టార్చ్ పట్టుకుని వచ్చి, ముందు అడుగు వైపు తిప్పారు. నాలుగు అంచులూ తడిమారు. “ఇది సీల్డ్ పెద్దాయనా, ఓపెన్ బాక్స్ కాదు” అన్నాను. “తెలుసులే, నువ్వు ఆగు” అని మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. ఇంకా పద్దెనిమిది స్టాపులున్నాయి నాకు. బండి స్టాండ్ వేసి నిలబడ్డాను.