బ్రిడ్జర్టన్ నవలలు: ఎనిమిదీ కొనాలా, నాలుగు చాలా?

ఓటీటీలో సిరీస్ చూసి, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద జూలియా క్విన్ పుస్తకాలు వెతికేవాళ్లకు ముందే చెప్పాల్సిన సంగతి ఒకటుంది. దొరికిందల్లా తెచ్చుకుని ఎక్కడో ఒకచోట మొదలుపెడితే సగం మజా పోతుంది. 2000 నుంచి 2006 మధ్య వచ్చిన ఎనిమిది ప్రేమ నవలలివి, బ్రిడ్జర్టన్ ఇంట్లో ఒక్కో తోబుట్టువుకు ఒకటి. పిల్లల పేర్లు పుట్టిన వరసలో ఇంగ్లిష్ అక్షరమాల ప్రకారం ఉంటాయి: ఆంథనీ, బెనెడిక్ట్, కాలిన్, డాఫ్నీ, ఎలోయీజ్, ఫ్రాన్సెస్కా, గ్రెగరీ, హయాసింత్. పెళ్లిళ్ల వరస వేరు. మొదటి నవల డాఫ్నీది. తర్వాత ముగ్గురు అన్నలు, ఆ వెనక ఎలోయీజ్, ఫ్రాన్సెస్కా. ఏడోది కడగొట్టు పిల్ల హయాసింత్‌ది, ఎనిమిదోది ఆమె అన్న గ్రెగరీది.

మొదటి నాలుగూ ఈ వరసలోనే చదవాలి. కారణం లేడీ విజిల్‌డౌన్. అధ్యాయం తెరవగానే ఆవిడ గాసిప్ పత్రిక ముక్క ఒకటి పలకరిస్తుంది. పేరులో మొదటి అక్షరం వేసి పక్కన గీత గీసి తప్పించుకునే రకం కాదు, పూర్తి పేరే అచ్చు వేస్తుంది. రెండు వారాలు ఉచితంగా పంచి, జనం మరిగాక కాపీకి ఐదు పెన్నీలు వసూలు చేస్తుంది. ఆవిడ ఎవరన్నది నాలుగో నవల దాకా తేలదు. తెర మీద ఆ గుట్టు మొదటి సీజన్ చివర్లోనే విప్పేశారు కాబట్టి, సిరీస్ చూసినవాళ్లకు మిగిలేది ఆనవాళ్లు ఎక్కడెక్కడ దాచారో ఏరుకోవడమే. అదీ తక్కువ సరదా కాదు.

తెర మీది భారతీయ కథానాయిక కేట్ శర్మ కోసం రెండో నవల కొంటే నిరాశ తప్పదు. పుస్తకంలో ఆమె కేట్ షెఫీల్డ్, ఇంగ్లిష్ పిల్ల. రాణి షార్లెట్ పాత్ర కూడా నవలల్లో కనిపించదు.

వీటిని ‘రీజెన్సీ’ ప్రేమకథలంటారు. అసలు రీజెన్సీ అంటే 1811 నుంచి 1820 వరకు. బ్రిటన్ రాజు మూడో జార్జికి మతి చలించి, కొడుకు రీజెంటుగా, అంటే తండ్రి బదులు, రాజ్యం నడిపిన కాలం. మొదటి మూడు నవలలే ఆ ఏళ్లలో నడుస్తాయి. నాలుగు, ఐదు, ఆరు 1824 చుట్టూ ఒకదాని మీద ఒకటి పడతాయి, చివరి రెండూ ఇంకా తర్వాతివి. ఒక పుస్తకంలో ఎలోయీజ్ ఎందుకు మాయమైందో ఇంకో పుస్తకం చెబుతుంది. రీజెన్సీ ఏళ్లలో మన కోఠీ ఉమెన్స్ కాలేజీ భవనం బ్రిటిష్ రెసిడెన్సీ, అంటే నిజాం దగ్గర ఉండే బ్రిటిష్ ప్రతినిధి నివాసం. 1820 దాకా అక్కడ కూర్చున్నది హెన్రీ రస్సెల్. నవలల్లో ఈ వైపు ఊసు దాదాపు లేదు. ఆరో నవల కథానాయకుడు మైకేల్ మాత్రం నాలుగేళ్లు ఇండియాలో ఉండి మలేరియాతో ఇంటికి చేరతాడు. మన వాటాకు వచ్చింది ఆ జ్వరమే.

మన పాఠకులు తడబడేది భాష దగ్గర కన్నా పిలుపుల దగ్గర. ఇంటి పెద్దకొడుకు ఆంథనీ వైకౌంట్ (వంశపారంపర్యంగా వచ్చే ప్రభు బిరుదు), కాబట్టి ‘లార్డ్ బ్రిడ్జర్టన్’. తమ్ముళ్లు ఎంత డబ్బున్నా వట్టి ‘మిస్టర్’లే. పెళ్లికాని ఆడపిల్లల్లో పెద్దదే ‘మిస్ బ్రిడ్జర్టన్’, మిగతావాళ్లకు పేరు కలపాలి. డాఫ్నీ పెళ్లై వెళ్లగానే ఆ పిలుపు ఎలోయీజ్‌కు దక్కుతుంది. మనం ‘పెద్దమ్మాయిగారు’ అన్నట్టే. డ్యూక్‌ను ‘లార్డ్’ అనరు, ‘యువర్ గ్రేస్’ అంటారు. ‘టాన్’ అంటే బరువు కాదు, పై వర్గం సమాజం. ‘రేక్’ అంటే జల్సారాయుడు. పెళ్లి తొందరలు అర్థం కావాలంటే ఇంకొకటి తెలియాలి: మామూలుగా చర్చిలో మూడు ఆదివారాలు ప్రకటన చదవాలి. ఆగలేనివాళ్లు కాంటర్బరీ ఆర్చిబిషప్ దగ్గర ‘స్పెషల్ లైసెన్స్’ తెచ్చుకోవచ్చు, అదీ కుదరకపోతే స్కాట్లాండ్ సరిహద్దు దాటి గ్రెట్నా గ్రీన్‌కు పారిపోవాలి. కట్నం లెక్కలు మాత్రం ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

కొనేటప్పుడు చివరి పేజీలు తిప్పి చూడండి. ‘సెకండ్ ఎపిలాగ్’ అనే అదనపు అధ్యాయం పాత ముద్రణల్లో ఉండదు, కొత్తవాటిలో ఉంటుంది. పాతవే చవగ్గా దొరికితే కొనేయండి, ఆ అధ్యాయాలన్నీ 2013లో విడిగా ఒక సంపుటంగా కూడా వచ్చాయి. సిరీస్ బొమ్మ ఉన్న అట్ట కోసం ఎక్కువ పెట్టక్కర్లేదు, లోపల సరుకు అదే.

అన్నిటిలోకి రెండోది మేలు. పాల్‌మాల్ (చెక్క సుత్తితో బంతిని కొట్టే ఆట) ఆడుతూ తోబుట్టువులు తొండి చేసే అధ్యాయం ఒక్కటే పుస్తకం ఖరీదుకు సరిపోతుంది. మొదటిదాంట్లో భర్త తాగిన మైకంలో ఉండగా, అతని ఇష్టానికి విరుద్ధంగా డాఫ్నీ నడుచుకునే ఘట్టం ఉంది. రచయిత్రి దాన్ని తేలిగ్గా దాటేస్తుంది, ఇవాళ్టి పాఠకుడికి గొంతు దిగదు. మూడోది సిండ్రెల్లా కథే, కాకపోతే రాకుమారుడు ముందు ఉంపుడుగత్తెగా ఉండమని అడుగుతాడు. ఐదోది నత్తనడక. ఆరోది వితంతువు ప్రేమకథ, అన్నిటికన్నా బరువైనది, నాలుగుతో ఆపేసినా దీన్ని విడిగా తెచ్చుకోవచ్చు. ఏడు, ఎనిమిది లైబ్రరీలో దొరికితే చాలు. పడకగది దృశ్యాలు అన్నిటిలోనూ దాపరికం లేకుండా ఉంటాయి, ఇంటర్ పిల్లకు కానుకిచ్చే ముందు అది గుర్తుంచుకోండి.