పెద్దవాళ్ల ఒంటి మీద ప్లాస్టర్ తీసే స్ప్రే అని అమ్ముతున్న ఈ సీసాతో జాగ్రత్త

ఇంట్లో మంచం మీద పెద్దవాళ్లు ఉన్నవాళ్లు, ఆసుపత్రి నుంచి డిశ్చార్జ్ చేయించి తెచ్చుకున్నవాళ్లు కొనేముందు ఇది చదవండి. "నొప్పి లేకుండా మెడికల్ టేప్ తొలగించే స్ప్రే, వృద్ధుల సున్నితమైన చర్మానికి ప్రత్యేకం" అంటూ ఆన్‌లైన్‌లో ఒక చిన్న సీసా అమ్ముతున్నారు. తెల్ల సీసా, ఆకుపచ్చ మూత, మీద సగానికి కోసిన నారింజ పండు బొమ్మ. అదే సీసా వేరే వేరే పేర్లతో కూడా కనిపిస్తోంది. అది వాడితే మా అత్తయ్యగారి ముంజేతి మీద చర్మం పొర లేచి వచ్చేసింది.

ఆవిడకి ఎనభై దాటాయి. స్టెంట్ వేసినప్పటి నుంచి రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారు. చెయ్యి గట్టిగా పట్టుకుంటేనే ఊదారంగు మచ్చ తేలుతుంది. న్యుమోనియా తగ్గి ఇంటికి పంపించేటప్పుడు కాన్యులా, అంటే మందులు ఎక్కించడానికి నరంలో పెట్టే సన్న గొట్టం, తీసి, రక్తం ఆగడానికి దూది పెట్టి, మీద సాగే రకం మందపాటి ప్లాస్టర్ అదిమి చుట్టారు. గోధుమరంగులో గుడ్డలా ఉంటుందే, ఆ రకం. ఇంటికొచ్చాక అది తీయాలి. సీసా మీద రాసింది ఇదీ: "అంచుల మీద స్ప్రే చేయండి, 10 సెకన్లు ఆగండి, వేగంగా లాగండి." అలాగే చేశాం. మందు పడగానే ఆవిడ "మంట, అమ్మాయ్, మంట" అన్నారు. ప్లాస్టర్ లేచింది, దాని బంకకి అంటుకుని మణికట్టు పైన రూపాయి బిళ్లంత మేర చర్మం కూడా లేచింది. లేచిన పొర ఒక పక్కకి చుట్టుకుపోయి ఉంది, కింద ఎర్రగా తడిగా మెరుస్తోంది. స్ప్రే కారిన దారంతా గీత గీసినట్టు కందిపోయింది. ఆ ఎరుపు మర్నాటికి కూడా తగ్గలేదు.

ఇప్పుడు సీసా సంగతి. మూత తీస్తే ముందు నారింజ తొక్క వాసన, వెనకాలే పెయింటు థిన్నర్ వాసన. స్టీలు గిన్నెల మీద స్టిక్కర్లు, కారు అద్దం మీద బంక గీకడానికి వాడే ద్రావకాలకి ఇదే వాసన ఉంటుంది. వాటిలో ఉండేది సాధారణంగా నారింజ తొక్క నూనెలోంచి తీసే లిమోనీన్, దానికి తోడు పెట్రోలియం ద్రావకాలు. లిమోనీన్ గాలి తగిలి పాతబడేకొద్దీ చర్మానికి ఎలర్జీ తెచ్చే గుణం పెరుగుతుంది. గాజు మీదో స్టీలు మీదో వాడుకోవచ్చు, మనిషి చర్మానికి, అందులోనూ ముసలివాళ్ల చర్మానికి కాదు. ఈ సీసాలో కచ్చితంగా ఏముందో లేబుల్ చెప్పనే చెప్పదు. "సహజ పదార్థాలు" అని ఒక్క మాట ఉంది. తయారుచేసినవాళ్ల చిరునామా లేదు, లాట్ నంబరు లేదు, తయారీ తేదీ దగ్గర ఉత్త గీత ఉంది. ఏ దేశంలో తయారైందో అమ్మకం పేజీలో ఖాళీగా వదిలేశారు. పైన మాత్రం ఎర్రటి ప్లస్ గుర్తు, తెల్ల కోటు వేసుకున్న మనిషి బొమ్మ. ఆ బొమ్మలే నమ్మకం పుట్టిస్తాయి. ఆసుపత్రి నుంచి అలిసిపోయి వచ్చి రాత్రిపూట ఫోన్‌లో వెతికి ఆర్డర్ పెట్టే మనలాంటి వాళ్లనే వీళ్లు చూసుకుంటున్నారు. నాకు కోపం వచ్చేది అక్కడే.

మందు ఒక్కటే కాదు, "వేగంగా లాగండి" అని రాయడం ఇంకా పెద్ద తప్పు. మన చర్మానికి పైపొర, కింది పొర ఉంటాయి. వయసులో ఉన్నప్పుడు ఆ రెండూ రెండు చేతుల వేళ్లు ఒకదాంట్లో ఒకటి పెనవేసినట్టు పట్టుకుని ఉంటాయి. వయసు మీదపడ్డాక ఆ పెనవేత చదునైపోతుంది, కింది పొర పలచబడుతుంది, నూనె తగ్గి పైన పొడిబారుతుంది. బంక పట్టేమో అలాగే ఉంటుంది. లాగినప్పుడు ప్లాస్టర్‌కీ చర్మానికీ మధ్య పట్టు వదలాలి. అది వదలకుండా చర్మం రెండు పొరల మధ్య పట్టు వదిలేస్తుంది. ఆస్తమాకో కీళ్లకో ఏళ్ల తరబడి స్టెరాయిడ్లు వాడినవాళ్లకి ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. పైగా చాలా ప్లాస్టర్ల బంక ఒంటి వేడికి మెత్తబడి చర్మం ముడతల్లోకి దిగుతుంది, రోజులు గడిచేకొద్దీ గట్టిగా పట్టుకుంటుంది. వేసిన పూట సులువుగా వచ్చేది నాలుగో రోజుకి రాదు. చిన్నపిల్లల మోకాలి మీద బ్యాండేజ్ ఒక్క పట్టున పీకేస్తే నొప్పి తెలియదంటారు. ఆ పద్ధతి ముసలివాళ్ల దగ్గర పనికిరాదు.

మరి ఎలా తీయాలి? ఆ తర్వాత డ్రెస్సింగ్ కోసం ఇంటికొచ్చిన సిస్టర్ రెండో చేతి మీద ప్లాస్టర్ తీసింది. పక్కన కూర్చుని చూశాను. ముందు చెయ్యి దిండు మీద పెట్టించి "మామ్మగారూ, నొప్పి అంటే చెప్పండి, ఆపేస్తాను" అంది. దూది పుల్ల కొబ్బరినూనెలో ముంచి ప్లాస్టర్ అంచు వెంబడి రాసింది. రాసి ఊరికే కూర్చుంది. రెండు మూడు నిమిషాలయ్యాక ఒక మూల గోటితో కాదు, వేలి కొసతో దొర్లించి లేపింది. లేచిన కొసని పైకి లాగలేదు. దాన్ని వెనక్కి మడిచి, ప్లాస్టర్ మీదే ప్లాస్టర్ పాకుతున్నట్టు, చర్మానికి ఆనించి తీస్తూ వెళ్లింది. రెండో చేతి వేలు ఎప్పుడూ బంక వదులుతున్న గీత పక్కనే, చర్మం మీద ఆనించి ఉంది. చర్మం ప్లాస్టర్‌తో పాటు లేవబోతే ఆ వేలు ఆపుతుంది. కాస్త తీయడం, మళ్లీ నూనె, మళ్లీ ఆగడం. వెంట్రుకలు ఎటు వాలి ఉన్నాయో అటే తీసింది. చెయ్యి పైకెత్తి, ప్లాస్టర్ నిటారుగా లాగితే చర్మం గుడారంలా లేస్తుంది చూడండి, ఆ లేవడమే చిరగడానికి మొదలు అని చెప్పింది. అంతా అయ్యాక గోరువెచ్చని నీళ్లలో ముంచిన మెత్తని గుడ్డతో నూనె అద్ది తీసింది, రుద్దలేదు. అత్తయ్య అంతసేపూ టీవీ చూస్తూనే ఉన్నారు.

నూనె విషయంలో కొన్ని జాగ్రత్తలున్నాయి. తెరిచిన గాయం మీదకి, కాన్యులా లేదా ట్యూబ్ లోపలికి వెళ్లే రంధ్రం దగ్గరకి నూనె పోనివ్వకూడదు. ట్యూబ్ ఉంచి ప్లాస్టర్ మాత్రం మార్చాలంటే అది సిస్టర్ చేత చేయించడమే మంచిది. నూనె మిగిలితే కొత్త ప్లాస్టర్ అంటుకోదు, ట్యూబ్ జారిపోతుంది. ఆక్సిజన్ పెట్టుకున్నవాళ్ల ముఖం దగ్గర నూనె, వాజలీన్, స్ప్రేలు ఏవీ వద్దు, నిప్పు ప్రమాదం. గోరువెచ్చని నీళ్లతో తడిపి ఓపిగ్గా తీయాలి. కాన్యులా మీద వేసే పారదర్శకమైన పల్చటి ఫిల్మ్ ఉంటుంది కదా, దాన్ని మడిచి తీయడం కంటే ఒక కొస పట్టుకుని చర్మానికి సమాంతరంగా పక్కకి సాగదీస్తే బంక దానంతటదే వదులుతుంది.

స్పిరిట్, నెయిల్ పాలిష్ రిమూవర్, పెట్రోలు, కిరోసిన్ అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. బంక కరుగుతుంది నిజమే, చర్మం కూడా కాలుతుంది.

అసలైన రిమూవర్లు లేవా అంటే ఉన్నాయి. సిలికాన్ ఆధారంగా చేసినవి స్ప్రేగానూ, తడి వైప్స్‌గానూ దొరుకుతాయి. చర్మానికి మంట పుట్టించవు, త్వరగా ఆవిరైపోతాయి, జిడ్డు మిగలదు కాబట్టి మళ్లీ ప్లాస్టర్ వేసుకోవచ్చు. ఆపరేషన్‌లో పొట్ట మీద చేసిన రంధ్రం దగ్గర మలమూత్రాలు పట్టే సంచి, అంటే స్టొమా బ్యాగు, పెట్టుకునేవాళ్లు రోజూ వాడేవి ఇవే. అందుకే మామూలు మందుల షాపులో లేకపోయినా స్టొమా సామాన్లు అమ్మేచోట, పెద్ద క్యాన్సర్ ఆసుపత్రుల దగ్గరి సర్జికల్ షాపుల్లో అడిగితే దొరుకుతాయి. కోలోప్లాస్ట్ వాళ్ల బ్రావా, కాన్వాటెక్ వాళ్ల నిల్టాక్ ఈ కోవలోవి. ధర ఎక్కువే. లేబుల్ మీద పదార్థాల్లో హెక్సామిథైల్ డైసిలోక్సేన్ లాంటి, "సిలోక్సేన్" అని చివర వచ్చే పేరు ఉందేమో చూడండి. హెక్సేన్, నాఫ్తా, అసిటోన్, లిమోనీన్ అని ఉంటే పక్కన పెట్టేయండి. పదార్థాల పేర్లే లేకపోతే చేతిలోకే తీసుకోవద్దు. మంచివి కూడా నిప్పుకి అంటుకునే రకమే, దేవుడి గదిలో దీపం దగ్గర, అగరుబత్తి దగ్గర, వంటింట్లో వాడకూడదు.

ఇంతకీ ఖర్చు పెట్టాల్సింది తీసే మందు మీద కంటే వేసే టేప్ మీద. చర్మం బాగా పలచబడినవాళ్లకి సిలికాన్ టేప్ అడగండి. దాని బంక గంటలు గడిచినా గట్టిపడదు, లేపి మళ్లీ అంటించవచ్చు, చర్మం పొరల్ని పట్టుకు లాగదు. తెల్ల కాగితం టేప్, అదే మైక్రోపోర్, గుడ్డ ప్లాస్టర్ కంటే నయమే గానీ సిలికాన్ కాదు. "చర్మానికి హాని చేయనిది" అని రాసిన ప్రతీదీ సిలికాన్ అనుకోకండి, అట్ట మీద ఆ మాట విడిగా ఉండాలి. మీ చేతి మీద చిన్న ముక్క వేసి లేపి మళ్లీ అంటించి చూడండి, రెండోసారి కూడా పట్టుకుంటేనే తీసుకోండి. అసలు చేతులకీ కాళ్లకీ టేపే అక్కర్లేదు చాలాసార్లు. గాజ్ పెట్టి, మెత్తటి రోలర్ బ్యాండేజ్ వదులుగా చుట్టి, ముడి బ్యాండేజ్ మీదే పడేలా కట్టుకోవచ్చు. టేప్ తప్పకపోతే కొస కొంచెం లోపలికి మడిచి వేయమని సిస్టర్‌ని అడగండి, తీసేటప్పుడు పట్టుకోవడానికి కొస దొరుకుతుంది. సాగదీసి వేయకూడదు. సాగిన టేప్ మళ్లీ దగ్గరికి రావాలని చూస్తూ చర్మాన్ని లాగుతూనే ఉంటుంది, దాంతో అంచుల్లో బొబ్బలు వస్తాయి. రోజుకి రెండుసార్లు మాయిశ్చరైజర్ రాయడం కూడా చిన్న విషయం కాదు. ఆస్ట్రేలియాలో వృద్ధాశ్రమాల్లో చేసి 2014లో ప్రచురించిన అధ్యయనంలో ఇలా రాసినవాళ్లకి చర్మం చిరగడం దాదాపు సగానికి తగ్గింది. వాసన లేనిది, మామూలుది చాలు. టేప్ వేయబోయే చోట మాత్రం ఆ పూట రాయొద్దు.

ఇప్పటికే చర్మం లేచిపోయి ఉంటే కంగారు పడి ఆ పొరని కత్తిరించకండి. దాని అవసరం ఉంది. శుభ్రమైన గాజ్‌తో మెల్లగా అదిమి పట్టుకోండి, రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లకి ఆగడానికి ఎక్కువసేపు పడుతుంది. ఆగాక శుద్ధమైన ఉప్పునీరు, అంటే నార్మల్ సెలైన్‌తో కడగండి. చుట్టుకుపోయిన పొరని సెలైన్‌తో తడిపిన దూది పుల్లతో, చాప పరిచినట్టు కాకుండా కొద్దికొద్దిగా దొర్లిస్తూ దాని చోటికి తెచ్చి పరచాలి. బలవంతంగా సాగదీయకూడదు. పైన అంటుకోని రకం డ్రెస్సింగ్, సిలికాన్ జాలీ గానీ అది లేకపోతే జిడ్డు పట్టించిన పారఫిన్ గాజ్ గానీ వేసి, రోలర్ బ్యాండేజ్ చుట్టాలి. గాయం మీద మళ్లీ ప్లాస్టర్ వేయొద్దు. మా సిస్టర్ డ్రెస్సింగ్ మీద పెన్నుతో బాణం గుర్తు, తేదీ వేసింది. పొర ఎటువైపు అతుక్కుని ఉందో అటునుంచి విప్పితేనే మళ్లీ లేవకుండా ఉంటుంది, ఎవరొచ్చి విప్పినా బాణం చూసి విప్పుతారు. పసుపు, కాఫీ పొడి అద్దకండి. బెటాడిన్ పదేపదే పోస్తే పొర ఎండిపోతుంది, హైడ్రోజన్ పెరాక్సైడ్ అసలే వద్దు. రక్తం ఆగకపోయినా, పొర నల్లబడినా, చీము, జ్వరం, చుట్టూ ఎరుపు పాకుతున్నా, షుగర్ ఉన్నవాళ్లయితే గాయం చిన్నదైనా డాక్టర్‌కి చూపించండి. టీటీ ఇంజెక్షన్ అవసరమా అని కూడా అప్పుడే అడగండి.

అమ్మినవాళ్లకి ఫోటోలతో రాస్తే వచ్చిన జవాబు "వాడకం సూచనలు పాటించలేదు" అని. సూచనల ఫోటో కూడా పంపాక, రివ్యూ తీసేస్తే డబ్బు వెనక్కి ఇస్తామన్నారు. తీయలేదు, తీయను కూడా. ఇలాంటిది మీకు జరిగితే డబ్బు పోయిందని వదిలేయకండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆన్‌లైన్ సంస్థ ఫిర్యాదుల అధికారి మీ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. సరుకు ఏ దేశానిదో కూడా చూపించాలి. అక్కడ పని జరక్కపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు. వైద్య పరికరమని అమ్మేదాని లేబుల్ మీద తయారీదారు పేరు, చిరునామా, లాట్ నంబరు ఉండాలని 2017 వైద్య పరికరాల నిబంధనలు చెబుతున్నాయి, అవి లేకపోతే రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖకి రాయొచ్చు. పరికరాల వల్ల జరిగిన హాని నమోదు చేయడానికి ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడిపే మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం వేరే ఉంది, దాని ఉచిత నంబరు 1800-180-3024. నేను మూడు చోట్లా పెట్టాను. అందరూ అడిగేది ఒకటే: సీసా, అట్టపెట్టె, బిల్లు, గాయం ఫోటో తేదీతో సహా. అందుకని కోపంలో సీసా చెత్తబుట్టలో పడేయకుండా, మూత బిగించి ఒక కవర్లో కట్టి పక్కన పెట్టండి.